పథ్యం విడిచిన తరువాత

తెలుగు ఇళ్ళలో పథ్యమన్న మాటకు ఉన్న గౌరవం మందుకు లేదు. మందు వైద్యునిది, పథ్యం ఇంటిది. మాత్ర మ్రింగించడం క్షణంలో ముగుస్తుంది. పథ్యం పెట్టడానికి తల్లికో, అత్తకో, భార్యకో పూటపూటకూ ఓపిక కావలెను. పురిటాలికి ఏది పెట్టవచ్చును, కామెర్ల రోగికి ఏది పెట్టరాదు, జ్వరం విడిచిన పిల్లవానికి మొదటి ముద్ద దేనితో కలపవలెను అన్న శాస్త్రం ప్రతి ఇంటికీ కంఠస్థమే. అది సర్వదా సరియైన శాస్త్రమని కాదు. కాని అందులో శ్రద్ధ ఉన్నది, క్రమం ఉన్నది, ఒక మనిషి కొరకు ఇంటిల్లిపాదీ చేసుకొనే సర్దుబాటు ఉన్నది. మరొకటి కూడా ఉన్నది. దానికి ముగింపు తేదీ ఉన్నది. పథ్యం విడిచిన నాడు తలంటి పోసి, కందిపప్పూ నెయ్యీ వడ్డించి, రోగాన్ని గడప దాటించినట్లే ఎంచుతారు.

క్యాన్సరు నుండి బయటపడిన మనిషి విషయంలో ఈ శాస్త్రం తడబడుతున్నది. శస్త్రచికిత్స అయింది, కీమోథెరపీ అయింది, రేడియేషను అయింది. ఇక మూడు నెలల తరువాత వచ్చి కనిపించుమని వైద్యులు పంపివేశారు. ఇప్పుడు పథ్యం విడిచినట్లా, విడవనట్లా? కొన్ని ఇళ్ళు విడిచినట్లే భావిస్తాయి. గండం గడిచినది గనుక పాత తిండి, పాత చుట్ట, పాత బద్ధకం ఎప్పటి చోటికి అవి వచ్చి చేరుతాయి. మరికొన్ని ఇళ్ళు ఎన్నటికీ విడవవు. పెరుగు చలువ అని, గుడ్డు వేడి అని, వంకాయ దురద అని కంచంలో నుండి ఒక్కొక్కటే తీసివేస్తూ, మనిషిని మంచం దిగనీయక, ప్రేమతోనే క్షీణింపజేస్తాయి. రెండూ పొరపాటే. ఆ మనిషికి ఇక కావలసినది పథ్యం కాదు, దినచర్య. వాగ్భటుడు అష్టాంగహృదయంలో రోగాల జోలికి పోవడానికి ఎంతో ముందే, సూత్రస్థానం రెండవ అధ్యాయంలోనే దినచర్యను విధించాడు. పథ్యం రోగికి విధించేది. దినచర్య బ్రతికి ఉన్న వారందరిదీ. ఈ తేడా మాటల తేడా కాదు. పథ్యాన్ని ఒక మనిషి చేత చేయించవచ్చును. దినచర్యను ఇల్లంతా పాటిస్తే తప్ప ఏ ఒక్కరూ పాటించలేరు.

వినుకొండను ఉదాహరణగా తీసుకొనవచ్చును. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోనూ, అటు తరువాత పల్నాడు జిల్లాలోనూ ఉన్న ఈ పట్టణం చుట్టూ పత్తి, మిరప. సీతను అపహరించిన వార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక వినుకొండ అయిందని స్థలపురాణం. అటువంటి వార్తలు వినే ఇళ్ళు ఆ కొండ క్రింద నేడూ ఉన్నవి. పూర్వం రాచపుండు అని గుసగుసగా అన్న మాటను ఇప్పుడు పరీక్షల కాగితం మీద అచ్చులో చదువుకొంటున్నారు. 1955లో హైదరాబాదులో ఎం. ఎన్. జె. క్యాన్సరు సంస్థ ఏర్పడిన కాలంలో ఈ ప్రాంతపు రోగికి అంత దూరం పోవడమే ఒక యాత్ర. నేడు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనే నాట్కో ట్రస్టు సహాయంతో నెలకొన్న క్యాన్సరు కేంద్రం ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా సాగుతున్న పథకం పేదవాని శస్త్రచికిత్సకు, మందులకు, రేడియేషనుకు డబ్బు కడుతున్నది. కనుక వెళ్ళినవారిలో తిరిగి వచ్చేవారు పెరిగారు. దేశం మొత్తం మీద 2022వ సంవత్సరంలో కొత్తగా క్యాన్సరు వచ్చినవారు పధ్నాలుగు లక్షలకు పైబడగా, అంతకు ముందు అయిదేళ్ళలో ఆ రోగం వచ్చి ఇంకా జీవించి ఉన్నవారు ముప్ఫై రెండు లక్షలకు పైన ఉంటారని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లెక్క కట్టింది. ఆ ముప్ఫై రెండు లక్షల మందికీ ఒక కంచం, ఒక మంచం, ఒక వీధి ఉన్నవి. చికిత్సను గురించి వ్రాసేవారు ఎందరో ఉండగా, ఈ మూడింటిని గురించి వ్రాసేవారు అరుదు.

ఆసుపత్రి నుండి వచ్చేవారి చేతికి ఒక చీటీ ఇస్తారు. రోజూ నడవండి, కూరగాయలు, పండ్లు, పప్పులు తినండి, బరువు అదుపులో ఉంచుకోండి, పొగాకు మానండి, మద్యం ముట్టకండి, చెప్పిన తేదీకి రండి. ఇందులో తప్పు పట్టవలసిన మాట ఒక్కటీ లేదు. కాని ఆ చీటీ ఎవరిని ఉద్దేశించి వ్రాసినది? రోగిని. వినుకొండలో వంట రోగిది కాదు, కోడలిది. రోగి తానే కోడలైతే వంట ఆమెదే గాని ఏమి వండవలెనన్న నిర్ణయం ఆమెది కాదు. సంతలో కూరలు తెచ్చేది ఒకరు, డబ్బు ఇచ్చేది మరొకరు. ఇంట్లో పొగ త్రాగేది ఇంకొకరు. సాయంకాలం ఆడమనిషి ఒంటరిగా నడవడానికి బయలుదేరితే ఎక్కడికని అడిగేది వీధి అంతా. ఒక్క మనిషి పేర వ్రాసిన చీటీని పదిమంది కలిసి అమలు జరుపవలసి ఉన్నది. ఆ పదిమందిలో తొమ్మండుగురు దానిని చదువలేదు.

చీటీకి, తోడుకు గల వ్యత్యాసం ఎంతటిదో ఇటీవల ఒక పరిశోధన లెక్క కట్టి చూపించింది. పెద్దప్రేగు క్యాన్సరుకు శస్త్రచికిత్స, కీమోథెరపీ ముగించుకొన్న 889 మందిని, ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో, రెండు వర్గాలుగా విభజించారు. 2009లో మనుష్యులను చేర్చుకోవడం మొదలుపెట్టిన ఆ పరిశోధన ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడినవి. మొదటి వర్గానికి మంచి అలవాట్లను గురించి అచ్చువేసిన పుస్తకాలు ఇచ్చారు. రెండవ వర్గానికి ఆ పుస్తకాలతో పాటు ఒక మనిషిని ఇచ్చారు. వ్యాయామం తెలిసిన ఆ సలహాదారు మూడేళ్ళ పాటు, మొదట రెండు వారాలకొకసారి, తరువాత నెలకొకసారి వారిని కలుసుకొంటూ, ఎంత నడిచారని అడుగుతూ, నడవని వారికి ఎందుకు వీలుపడలేదో కనుగొంటూ వచ్చాడు. వారికి పెట్టిన లక్ష్యం గొప్పదేమీ కాదు. అప్పటికి చేస్తున్న దానికి అదనంగా, వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావు గంట మొదలు గంట వరకు చురుకుగా నడిస్తే చాలును. అయిదేళ్ళు గడిచేసరికి రోగం తిరగబెట్టక, మరొక క్యాన్సరు రాక జీవించి ఉన్నవారు పుస్తకాల వర్గంలో నూటికి 74 మంది. తోడు దొరికిన వర్గంలో 80 మంది. ఎనిమిదేళ్ళకు ప్రాణంతో ఉన్నవారు మొదటి వర్గంలో 83 మంది, రెండవ వర్గంలో 90 మంది.

ఈ అంకెలు పెద్దప్రేగు క్యాన్సరుకు సంబంధించినవి. నోటి క్యాన్సరుకూ, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకూ ఇవే అంకెలు వర్తిస్తాయని చెప్పడం సాహసం. కాని గమనించవలసిన దొకటి ఉన్నది. రెండు వర్గాల వారికీ జ్ఞానం సమానమే. పుస్తకం ఇద్దరి చేతిలోనూ ఉన్నది. నూటికి ఏడుగురి ప్రాణాల తేడా తెచ్చినది తెలియడం కాదు, అడిగే మనిషి ఉండడం. ఒక కొత్త మందు ఇంత మేలు చేసి ఉంటే దాని ధర లక్షలలో ఉండేది; పత్రికల మొదటి పుటలకు ఎక్కేది. నడక గనుక, అందులోనూ ఒకరు తోడుగా నడచిన నడక గనుక, అంత సందడి లేదు.

విశ్రాంతి అన్న మాటను గురించి కొంత చెప్పవలసి ఉన్నది. చికిత్స తరువాత వచ్చే నిస్త్రాణ సామాన్యమైనది కాదు. రాత్రంతా నిద్రించినా తీరదు, కూర్చున్నవారిని లేవనీయదు. అది చూచిన ఇంటివారు పని చేయనీయకపోవడం సహజమే. ఒకప్పుడు వైద్యులూ ఆ మాటే చెప్పేవారు. ఇప్పుడు అభిప్రాయం మారింది. వారానికి మూడు పర్యాయాలు అరగంట చొప్పున ఒక మోస్తరు వ్యాయామం, కండరాలకు బలమిచ్చే పని రెండు పర్యాయాలు చేసినవారిలో ఆ నిస్త్రాణే తగ్గుతున్నదని, దిగులు కూడా తగ్గుతున్నదని అనేక దేశాల నిపుణులు కూడి 2019లో ప్రకటించారు. మంచం బలాన్ని ఇవ్వదు, ఉన్న బలాన్ని తీసుకొంటుంది. అయితే ఎముకలకు రోగం పాకినవారు, గుండె బలహీనపడినవారు వైద్యుని అడిగి గాని మొదలుపెట్టరాదు. తక్కినవారు మొదటి రోజు పది నిమిషాలు నడిస్తే చాలును. శక్తిలో సగం వరకే వ్యాయామం చేయుమన్న వాగ్భటుని కొలత ఇక్కడ చక్కగా నప్పుతుంది. వినుకొండ కథలో కూడా వార్త విన్నవాడు కొండ మీద కూర్చుండిపోలేదు, దక్షిణాభిముఖంగా నడిచాడు. ఆయనకూ తమ్ముడు తోడున్నాడు.

ఇంతవరకు చెప్పినది కూర్చుండి బ్రతికే వారికి. ఈ మెట్ట పొలాలలో కూలికి పోయే ఆడమనిషితో రోజూ అరగంట నడవమంటే ఆమె నవ్వుతుంది. తెల్లవారుజామున ఆటోలో కిక్కిరిసి పోయి, పగలంతా వంగి పత్తి తీసి, మిరప కోసి, సందె వేళకు ఇల్లు చేరి పొయ్యి రాజేసే మనిషికి కొరవడినది శ్రమ కాదు. ఆమెకు కావలసిన అలవాట్లు వేరు. వాటిని అచ్చువేసిన చీటీలలో వెదకినా దొరకవు.

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగినప్పుడు చాలమందికి చంకలోని శోషరస గ్రంథులను కూడా తీసివేస్తారు. ఆ వైపు చేతిలో నుండి నీరు మళ్ళే దారి సన్నగిలుతుంది. కొందరికి నెలలకో, సంవత్సరాలకో ఆ చేయి వాస్తుంది, బరువెక్కుతుంది, గాజులు పట్టవు. అటువంటి చేతికి ఒక చిన్న గాయమైనా పెద్ద ఆపదే. చీము పట్టితే చేయంతా ఎఱ్ఱబడి జ్వరం వస్తుంది. తగ్గిన తరువాత వాపు మునుపటి కంటె హెచ్చవుతుంది. ఇక పత్తి తీయడమంటే ఏమి? పగిలి ఎండిన కాయ మొనలు సూదుల వలె ఉంటాయి. రోజుకు పదిసార్లు వ్రేళ్ళు గీసుకొంటాయి. మిరప కోసిన చేతికి మంట, గోళ్ళ చివర పగుళ్ళు. చేయి జాగ్రత్త అని చెప్పి పంపిన వైద్యునికి ఈ పొలం కంటికి కనిపించి ఉండదు. నిండు చేతుల చొక్కా, గుడ్డ తొడుగు, ఇంటికి రాగానే సబ్బుతో చేయి కడిగి గీతలు చూచుకోవడం, రాత్రి చర్మం పగలకుండా ఇంత కొబ్బరినూనె, ఎఱ్ఱదనం కనిపించిన రోజే, మరునాడు కాదు, డాక్టరు వద్దకు పోవడం: ఈ కూలిమనిషికి ఆరోగ్యకరమైన అలవాట్లంటే ఇవి. మందు కొట్టే పనికి మాత్రం ఆమె పోరాదు. పైరుకు కొట్టే మందులలో మలాథియాన్ వంటి కొన్ని క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవని 2015లో అంతర్జాతీయ సంస్థ వర్గీకరించింది. ఒకసారి ఆ రోగం చూచిన దేహానికి ఆ డబ్బా మోయవలసిన పని లేదు. పొలం యజమానులు ఆమెకు ఆ రోజున వేరే పని చూపడం దానం క్రిందికి రాదు.

ఆ చేతితో బరువు ఎత్తనే కూడదన్న భయం కూడా కొంత సడలింది. చేయి వాచిన 141 మంది స్త్రీలలో సుమారు సగం మంది చేత అమెరికాలో ఒక సంవత్సరం పాటు, మెల్లమెల్లగా పెంచుతూ, పర్యవేక్షణలో బరువులు ఎత్తించి చూచారు. వాపు ముదిరిన సందర్భాలు బరువులు ఎత్తని వారిలో నూటికి 29 కాగా ఎత్తిన వారిలో 14 మాత్రమే అని 2009లో ప్రకటించారు. అంతమాత్రాన తొలిరోజునే నిండు బిందె చంకనెత్తుకొమ్మని కాదు. చెంబుతో మొదలుపెట్టి చిన్న బిందెకు, చిన్న బిందె నుండి పెద్ద బిందెకు నెలల మీద పోవలెను. ఆమె ఇక పనికిరాదని మూలకు కూర్చుండబెట్టడం మటుకు శాస్త్రం కాదు. కూలి లేని ఇంట్లో అది దయ కూడా కాదు.

తిండి విషయానికి వస్తే పల్నాటికి ఒక చమత్కారం ఉన్నది. ఈ సీమలో వరి అన్నం దొరకక జొన్నకూడు తినవలసి వచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్లు చాటువులు ప్రచారంలో ఉన్నవి. కవిసార్వభౌముడు ఏవగించుకొన్న ఆ జొన్నలనే, సజ్జలనే, రాగులనే ఇప్పుడు పట్టణాల పోషకాహార నిపుణులు చీటీల మీద వ్రాస్తున్నారు. సాగరు కుడికాలువ వచ్చి వరి అన్నం సులభం చేసింది. అది వచ్చినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. కాని మూడు పూటలా తెల్లని అన్నం, దానిలోనికి నూనె తేలే పచ్చడి అనే భోజనం వచ్చినది ఆ సుభిక్షం వెంటనే. జొన్నరొట్టెకు తిరిగి పోవడం ఈ ప్రాంతానికి కొత్త నేర్చుకోవడం కాదు, అవ్వ చేతివంటను గుర్తుకు తెచ్చుకోవడం.

అయితే తిండిని గురించి ఒకే సూత్రం అందరికీ వర్తించదు. రొమ్ము క్యాన్సరు చికిత్స అయినవారు చాలమంది బరువు పెరుగుతారు. వారికి నూనె, తీపి తగ్గించడం మంచిది. నోటికో, గొంతుకో, కడుపుకో రోగం వచ్చినవారు చిక్కిపోతారు. వారికి గుడ్డు, పప్పు, పెరుగు, చేప, నేయి వేసిన జావ ఎంత పెడితే అంత మంచిది. ఒకరి పథ్యం చూచి మరొకరు పాటిస్తే నష్టమే. ఉపవాసం చేత రోగాన్ని మాడ్చి చంపవచ్చునన్న ఉపదేశం ఈ రెండవ రకం వారికి ప్రాణాంతకం.

ఇక మిరపకాయ. గొంతుకు, నోటికి రేడియేషను పొందిన మనిషికి లాలాజలం ఊరడం తగ్గుతుంది. నోరు ఎండిపోతుంది, పళ్ళు త్వరగా పుచ్చుతాయి, దవడ బిగుసుకుపోతుంది. రోజుకు పలుమార్లు నోరు తెరచి మూసే అభ్యాసం చేయకపోతే ముద్ద పట్టేంత సందు కూడా మిగలదు. ఆ నోటికి కారం తగిలితే నిప్పు తగిలినట్లే. మిరపకాయ క్యాన్సరును తిరిగి తెస్తుందని ఋజువు కాలేదు. అది శత్రువు కాదు, కాని ఆ నోటికి పడదు. పండుమిరపకాయ పచ్చడి లేని కంచం కంచమే కాదని నమ్మే సీమలో, కల్లాల మీద ఎఱ్ఱగా ఆరబోసిన మిరప ఘాటు వీధులలో కమ్ముకొనే నెలలలో, ఆ మనిషి చప్పిడి పెరుగన్నం ముందు పెట్టుకొని కూర్చుంటాడు. పక్కవారు లొట్టలు వేస్తూ తింటూ ఉంటారు. వారం తరువాత అతడు వేరుగా, ముందుగా తినేస్తానంటాడు. నెల తరువాత ఆకలి లేదంటాడు. ఏ పరీక్షలోనూ ఇది కనిపించదు. కూర సగం తీసి వేరే గిన్నెలో ఉంచి, కారం తరువాత కలుపుకొంటే ఒకే వంట అందరికీ సరిపోతుంది. ఇంత చిన్న ఉపాయం చేయని ఇళ్ళు, వేలకు వేలు పోసి పోషకాల పొడి డబ్బాలు కొంటున్నవి.

వేరుగా తినడంలో మరొక రకం కూడా ఉన్నది. క్యాన్సరు అంటుకొంటుందన్న భయంతో రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు నేటికీ లేకపోలేదు. కలిసి తినడం వలన, తాకడం వలన ఒకరి క్యాన్సరు మరొకరికి రాదు. వేరే గ్లాసు అంటే ఏమిటో వినుకొండకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1895లో ఇక్కడ పుట్టిన గుఱ్ఱం జాషువ, అంటరానితనం మనిషిని ఎట్లు కాల్చునో 1941 నాటి 'గబ్బిలం'లో తెలుగు జాతికంతటికీ తెలియజెప్పాడు. ఆయన విగ్రహానికి పూలమాల వేసే ఊరిలో ఒక ఇంటి అరుగు మీద రోగి గ్లాసు విడిగా బోర్లించి ఉండడం తగని పని.

దాచిపెట్టడం దీనికి తోబుట్టువు. ఇంట్లో పెండ్లి కావలసిన పిల్ల ఉన్నదని తల్లి రోగాన్ని దాస్తారు. దాచినంత కాలం ఆమె నడకకు పోరాదు, ఎందుకని అడుగుతారు. చేతికి తొడుగు వేయరాదు, ఏమిటని అడుగుతారు. గుంటూరుకు పోవలసిన తేదీన పెండ్లి పిలుపు వస్తే తేదీ మారుతుంది. రహస్యానికీ దినచర్యకూ పొత్తు కుదరదు. అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో, తొంభై ఏళ్ళ వయస్సులో, పత్రికల వారిని పిలిచి తనకు క్యాన్సరు ఉన్నదని తానే చెప్పారు. శ్రీకాకుళంలో జన్మించిన నటి గౌతమి రొమ్ము క్యాన్సరు నుండి బయటపడి, ఆ సంగతి దాచుకోక, అటువంటి వారి కొరకు లైఫ్ ఎగైన్ అనే సంస్థను నెలకొల్పారు. ప్రసిద్ధులకు ధైర్యం సులభమని అనవచ్చును. ప్రసిద్ధులకు పోగొట్టుకొనేది కూడా హెచ్చే.

పొగాకు మాట ఎత్తితే ఈ జిల్లాలకు కొంత ఇబ్బంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుండి గుంటూరులోనే ఉన్నది. పొగాకు మీద ఇళ్ళు కట్టుకొన్నవారు, పిల్లలను చదివించుకొన్నవారు ఎందరో. అయినా చెప్పక తప్పదు. ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి త్రాగే అడ్డపొగ అలవాటుకు, అంగిలి క్యాన్సరుకు గల సంబంధాన్ని డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే వైద్యులు 1957లోనే లోకానికి చూపారు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరు కలిగించగలదని 2004లో అంతర్జాతీయ సంస్థ నిర్ధారించింది. రోగం వచ్చిన తరువాత మానినా ఏమి లాభమని అనుకొనేవారు ఉన్నారు. లాభం ఉన్నది. మానినవారు ఎక్కువ కాలం జీవిస్తారు. మాననివారికి మరొక చోట మరొక క్యాన్సరు పుట్టే భయం హెచ్చు. కాని ఇక్కడ కూడా చీటీ ఒకరిది, అలవాటు పదిమందిది. అన్న చుట్ట మానితే తమ్ముడు ఆ అరుగు మీదనే కాల్చుతాడు. పేరంటానికి పోతే తాంబూలం కాదనడం అమర్యాద. ఆ ఇంట్లో ఒకరికి నోటి క్యాన్సరు వచ్చినది గనుక ఇక ఆ ఇంట వక్కపలుకు ఉండదని పెద్దవారు ఒక్కమాట అంటే, అది నూరు చీటీల పెట్టు.

లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, ఊరూ పేరూ లేని మాత్రలు అమ్మేవారిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పండులోని సారాన్ని మాత్రలో పెట్టి ఇస్తే మేలు చేస్తుందన్న ఆశతో ఫిన్లండులో పొగత్రాగే వేలాది పురుషులకు బీటా కెరోటిన్ ఇచ్చి చూడగా, మాత్ర మ్రింగినవారిలోనే ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా వచ్చిందని 1994లో తేలింది. జామపండు, బొప్పాయి, మునగాకు కొనుక్కొన్న తరువాత డబ్బు మిగిలితే బస్సు ఛార్జీకి దాచుకోవడం మేలు.

బస్సు ఛార్జీ అన్నది వేళాకోళం కాదు. చాల క్యాన్సర్లకు మొదటి రెండేళ్ళు కొద్ది నెలలకొకసారి, అయిదేళ్ళ వరకు ఆరు నెలలకొకసారి పరీక్షకు పోవలసి ఉంటుంది. నొప్పి లేనప్పుడు, ఆకలి బాగున్నప్పుడు, మిరపకోత ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక రోజు కూలి మానుకొని, తోడుగా వచ్చేవారి కూలి కూడా మానిపించి, నరసరావుపేట మీదుగా గుంటూరు పోయి, అంతా బాగానే ఉన్నదన్న ఒక్కమాట విని తిరిగి రావడం దండుగగా తోస్తుంది. ఆ ఒక్కమాట కొరకే పోవలెనని ఇంట్లో ఎవరో ఒకరు పట్టుపట్టకపోతే రెండవ పర్యాయమే తప్పిపోతుంది. చికిత్సకు లక్షలు కట్టే ప్రభుత్వం, ఆ చికిత్స ఫలితం నిలుపుకొనే ఈ తరువాతి కాలాన్ని గురించి మరింత ఆలోచింపవలసి ఉన్నది.

దీనికి పెద్ద పథకాలు అక్కరలేదు. ఆ కెనడా పరిశోధనలో సలహాదారు ఒక్కొక్క మనిషిని మూడేళ్ళలో కలుసుకొన్నది సుమారు యాభై పర్యాయాలు. వినుకొండ వీధులలోనూ, చుట్టుపట్ల పల్లెలలోనూ ఆశా కార్యకర్తలు గర్భిణుల కొరకు, పసిబిడ్డల టీకాల కొరకు అవే గడపలు తొక్కుతున్నారు. ముప్ఫై ఏళ్ళు దాటినవారిని నోట్లో పుండు మానకుండా ఉన్నదా, రొమ్ములో గడ్డ తగులుతున్నదా అని అడిగి వ్రాసుకొంటున్నారు. ఆసుపత్రి చీటీకి ఒక నకలు ఆమె చేతికి చేరేటట్లు చేయవచ్చును. ఎంత నడిచావు, చేయి వాచిందా, నోరు ఎన్ని వ్రేళ్ళు తెరుచుకొంటున్నది, గుంటూరు తేదీ ఎప్పుడు అన్న నాలుగు ప్రశ్నలకు ఆమె పుస్తకంలో ఒక పుట కేటాయించి, ఆ పనికి ఆమెకు వేరుగా పారితోషికం ముట్టజెప్పవచ్చును. అడగవలసిన వేళ సాయంకాలమైతే మంచిది. అప్పుడు అత్త, కోడలు, కూలి నుండి వచ్చిన మగవాడు అందరూ ఇంట్లో ఉంటారు, జవాబు అందరూ వింటారు. పొద్దు వాలి కొండ నీడ వీధుల మీద పడే ఆ సమయానికి నడవడానికి ఎండ కూడా ఉండదు.